బడి మీద కోపం ఓటు దాకా వస్తుందా?

మూడో తరగతి నాన్న (సోమవారం, రాత్రి 9:42)

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరు. పేరు చెప్పను, చెబితే మొదట పార్టీ ఏదని అడుగుతారు.

2022 జూలైలో బడులు తెరిచిన వారానికి మా ప్రాథమిక పాఠశాలలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూల్లో కలిపేశారు. హైస్కూలు కాలువ అవతల. కాగితం మీద కిలోమీటరు లోపే, అయితే అది కాలువ గట్టు దారి. ఎనిమిదేళ్ళ పిల్లను వానాకాలంలో గట్టు మీద ఒంటరిగా పంపే ధైర్యం ఎవరికి ఉంటుంది? రోడ్డు మీదుగా వెళితే రెండు కిలోమీటర్ల పైమాటే. నాలుగు రోజులు గేటు ముందు కూర్చున్నాం. ఎంఈవో గారు వచ్చి మాట్లాడి వెళ్ళారు. అంతటితో సరి. మా పెద్దమ్మాయిని రోజూ నేనే బండి మీద దింపేవాడిని.

నేను అడగదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. 2024 మే 13న మా పోలింగ్ కేంద్రం ఆ పాత బడిలోనే. రెండేళ్ళుగా తాళం వేసి ఉన్న మూడో తరగతి గదిని తెరిచి, కడిగి, ఫ్యాను బాగు చేయించారు. బయట షామియానా, మంచినీళ్ళ క్యాన్లు, చక్రాల కుర్చీ. గోడ మీద ఎక్కాల చార్టు అలాగే ఉంది, పదమూడో ఎక్కం దగ్గర చిరిగి. దాని కిందే అట్ట అడ్డం పెట్టి ఈవీఎం పెట్టారు. నేను దాని ముందు నిలబడ్డాను. ఏ గుర్తు మీద నొక్కానన్నది మీకు అనవసరం. నొక్కేటప్పుడు మాత్రం నా మనసులో బడి లేదు. పొలం పాసుపుస్తకం ఉంది.

రెండేళ్ళు బడి గురించి తిట్టుకున్న మనిషిని, ఆ బడి గదిలోనే నిలబడి బడి గుర్తు రాకుండా ఓటు వేసి వచ్చాను. నా ఒక్కడికే ఇలా జరిగిందా, అందరికీ ఇంతేనా? పంచాయతీ ఎన్నికల మాట వినిపిస్తోంది కాబట్టి అడుగుతున్నాను. ఇప్పుడు మా చిన్నవాడు మూడో తరగతి.

సుద్దముక్క (సోమవారం, రాత్రి 10:15)

నాయనా, ముప్పై నాలుగేళ్ళు సెకండరీ గ్రేడు టీచరుగా చేసి దిగిపోయినవాణ్ణి. నీకు బడి ఎందుకు గుర్తు రాలేదో నాకు తెలుసు. అప్పటికే నువ్వు దానికో దారి చూసుకున్నావు. బండి కొనుక్కున్నావు.

బడి మీద కోపం వచ్చిన తల్లిదండ్రులు మొదట చేసేది ఓటు వేయడం కాదు, టీసీ తీసుకోవడం. మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్ళలో కలపమన్న 117 జీవో వచ్చిన ఏడాది నేను సర్వీసులోనే ఉన్నాను. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు చెబుతారు, ప్రైవేటు బడికి దీటుగా ఉంటుంది అన్నారు. వినడానికి బాగానే ఉంది. ఇక్కడ మిగిలినవి ఒకటి, రెండు తరగతులు, ఒక్క టీచరు. ఆ టీచరు సెలవు పెడితే బడికి సెలవు. జూన్, జూలైల్లో టీసీ అడగడానికి వచ్చినవాళ్ళకు రాసిచ్చి నా వేలు కాయ కాసింది. ఒక్కరూ నన్ను తిట్టలేదు. "ఏమనుకోకండి మాస్టారూ" అని టీసీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళేవారు. వాళ్ళ కోపం ఆ కాగితంతో తీరిపోయింది. ఆపైన అది ఫీజు బాధ అయింది, వ్యాను బాధ అయింది. ఆ బాధకు ప్రభుత్వం కారణమని ఎవరూ అనుకోరు.

కూకట్‌పల్లి అమ్మ (సోమవారం, రాత్రి 11:03)

మాస్టారు చెప్పిన ఫీజు బాధ మాది. ఇద్దరు పిల్లలు, ఒక పేరున్న బడి. ఈ ఏడాది రసీదులో ట్యూషన్ ఫీజు కాక మరో ఆరు పద్దులు ఉన్నాయి. అందులో ఒకదాని పేరు "ఇతరములు". ఇతరములు అంటే ఏమిటని అడిగితే కౌంటరులోని అమ్మాయి తల ఎత్తకుండా "సిస్టమ్‌లో అలాగే వస్తుందండీ" అంది.

తెలంగాణలో ఈ కథ పాతదే. 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు. నివేదిక వచ్చింది, చట్టం రాలేదు. 2020 ఏప్రిల్‌లో, కరోనా అప్పుడు, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలని 46 జీవో ఇచ్చారు. దాన్ని ఎంతమంది పాటించారో మా వాట్సాప్ గ్రూపు చదివితే తెలుస్తుంది. ప్రభుత్వం మారింది. విద్యా కమిషన్ 2025 జనవరిలో ఫీజుల బిల్లు ముసాయిదా ఇచ్చింది. మా రసీదులో ఒక్క పద్దు కూడా తగ్గలేదు.

ఇక అసలు మాట. 2023 నవంబరు 30న నేను ఓటు వేయలేదు. గురువారం. మా ఓట్లు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి, వెళ్ళడానికి బద్ధకించాం. మా అపార్టుమెంటులో సగం మందిది ఇదే కథ. ప్రచారానికి వచ్చిన ముగ్గురు అభ్యర్థుల్లో ఇద్దరు మంజీరా నీళ్ళ గురించి, ఒకరు స్పీడు బ్రేకర్ గురించి మాట్లాడారు. ఫీజు మాట ఎవరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతారు? ఫీజు కట్టేవాళ్ళం ఓటు వేయం, ఓటు వేసేవాళ్ళలో చాలామందికి మా ఫీజుతో పని లేదు. ఆ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో పోలింగ్ సగానికి చేరలేదు. (మాది మేడ్చల్ జిల్లా కిందికి వస్తుందని ఎవరో ఒకరు సరిదిద్దుతారు. తెలుసు.)

ఓటరు స్లిప్పు (మంగళవారం, ఉదయం 7:20)

సరిదిద్దాలనే వచ్చాను, ఆవిడే చెప్పేశారు.

అంకెల మనిషిని కాబట్టి కాస్త చన్నీళ్ళు చల్లుతాను. 2024లో వైకాపా 151 స్థానాల నుంచి 11కు పడిపోయింది కదా, బడుల విలీనమే ముంచిందని మా ఊళ్ళో ఉపాధ్యాయ సంఘం మిత్రులు అంటారు. ఓట్ల శాతం చూడండి. దాదాపు 50 నుంచి 39 దాకా తగ్గింది. ఆ పదకొండు శాతంలో బడి వాటా ఎంత, పాసుపుస్తకం వాటా ఎంత, రోడ్ల గుంతల వాటా ఎంత, మూడు పార్టీల పొత్తు వాటా ఎంత? విడదీసి చెప్పే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. బడి మీద కోపం వచ్చిన చోటే ఎక్కువ ఓట్లు పోయాయని చూపించగలిగితే నమ్ముతాను.

2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికలు గుర్తున్నాయా? పీఆర్సీ (జీతాల సవరణ) మీద, సీపీఎస్ (వాటా కట్టే పింఛను పద్ధతి) మీద టీచర్లు మండిపడుతున్న రోజులు. పట్టభద్రుల స్థానాలు మూడూ తెదేపాకు పోయాయి. ఉపాధ్యాయుల స్థానాలు రెండూ అధికార పార్టీకే వచ్చాయి! బడి లోపల ఉన్నవాళ్ళ కోపమే బ్యాలెట్ మీద కనబడలేదు.

ఇంకోటి ఢిల్లీ. బడులు బాగు చేశామని దేశమంతా చెప్పుకున్న ఆమ్ ఆద్మీ పార్టీ ప్రభుత్వం అది. ఆ బడులకు మంత్రిగా పేరు తెచ్చుకున్న మనీశ్ సిసోదియా 2025 ఫిబ్రవరిలో జంగ్‌పురాలో 675 ఓట్ల తేడాతో ఓడిపోయారు. బడికి ఓటు పడుతుందన్నది మనలాంటివాళ్ళ కోరిక. లెక్కలో అది కనిపించడం లేదు.

ఇద్దరు పిల్లల తల్లి (మంగళవారం, ఉదయం 11:48)

ఓటరు స్లిప్పు గారూ, తక్కెడ లేదన్నారు కదా. నా ఒక్కదాని లెక్క చెబుతాను, రాసుకోండి.

పిల్లలను బడికి పంపే తల్లులకు గత ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి పదిహేను వేలు ఇంటికి ఒక్క బిడ్డకే. పెద్దదాని పేరు మీద పడేవి. మొదటి రెండుసార్లు బాగానే పడ్డాయి. 2022లో రెండు వేలు తగ్గించి పదమూడు చేశారు, మరుగుదొడ్ల నిర్వహణకు, బడి నిర్వహణకు అని. అదే ఏడాది హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలన్నారు. మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చి నెల రోజులు బడి మానింది. మా ఊరి సచివాలయానికి వెళ్ళి మందుల చీటీలు చూపించాను. "ఆన్‌లైన్‌లో అనర్హులు అని వచ్చిందమ్మా, మా చేతుల్లో లేదు" అన్నారు. చిన్నవాడు ఆ ఏడాదంతా "అక్కకు ఎలాగూ రాలేదు కదా, నాకు ఇవ్వమని అడుగు" అని నా ప్రాణం తీశాడు.

2024 ప్రచారంలో ఒక నాయకుడు పిల్లలను వేలితో చూపిస్తూ "నీకు పదిహేను వేలు, నీకు పదిహేను వేలు" అన్న వీడియోను అందరూ ఎగతాళి చేశారు. నేను చేయలేదు. ఇద్దరికీ అన్నమాట నా చెవిన పడింది. ఓటు వేసేటప్పుడు నా మనసులో అదే ఉంది. ఆ హామీ పథకం, తల్లికి వందనం, కొత్త ప్రభుత్వం మొదటి ఏడాది ఇవ్వలేదు. 2025 జూన్‌లో ఇద్దరికీ పడ్డాయి, పదమూడు వేల చొప్పున. ఇప్పుడు చెప్పండి, నా ఓటు బడిది కాదా?

గట్టు మీద గువ్వ (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

అది బడి ఓటు కాదమ్మా, డబ్బు ఓటు. పథకం పేరులో బిడ్డ ఉన్నంత మాత్రాన అది చదువు అయిపోదు.

ఇద్దరు పిల్లల తల్లి (మంగళవారం, మధ్యాహ్నం 12:41)

మీ పిల్లల బూట్లు మీరు కొనుక్కోగలరు కాబట్టి మీకు అది డబ్బు. ఆ పదమూడు వేల నుంచి తొమ్మిది వేలు మా చిన్నవాడి ప్రైవేటు బడికి వెళ్ళాయి. సర్కారు బడిలో అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లు కాబట్టి అక్కడ చేర్చాను. అది చదువు కాకపోతే మరేమిటి?

నిర్వాహకులు (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

ఈ మధ్యలో వచ్చిన పదకొండు సందేశాలను తొలగించాం. బడి గురించి ఏమైనా రాయండి. నాయకుల ఇంటి ఆడవాళ్ళ ప్రస్తావన తెస్తే ఖాతా పోతుంది.

యాష్‌బర్న్ వాసి (మంగళవారం, రాత్రి 8:05)

నేను ఉండేది అమెరికాలో, వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో. తెలుగువాళ్ళు బాగా ఉన్న చోటు. బడి కోపం ఓటుగా మారడాన్ని నేను కళ్ళారా చూశాను, కాబట్టి ఢిల్లీ ఉదాహరణ ఒక్కటీ చాలదు.

2021లో ఇక్కడ గవర్నరు ఎన్నిక. అంతకు ముందు కరోనా వల్ల చాలా నెలలు పిల్లలు ఇంట్లో తెర ముందే కూర్చున్నారు. మావాడు తొమ్మిదో తరగతి పాఠాలు మంచం మీద పడుకుని విన్నాడు. అదే సమయంలో ఫెయిర్‌ఫాక్స్‌లోని థామస్ జెఫర్సన్ హైస్కూలు ప్రవేశ పరీక్ష తీసేశారు. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఆ బడి పేరు ఐఐటీ పేరుతో సమానం. ప్రతి మిడిల్ స్కూలు నుంచి కొంత శాతం మందిని తీసుకునే పద్ధతి వచ్చింది. ఆ ఏడాది చేరినవాళ్ళలో ఆసియా సంతతి పిల్లల వాటా 73 శాతం నుంచి 54కు తగ్గింది. ఏడో తరగతి నుంచి కోచింగుకు డబ్బు పోసిన తల్లిదండ్రులు ఎలా ఉడికిపోయారో ఊహించుకోండి. అది న్యాయమా అన్యాయమా అంటే నాకే రెండు మనసులు. డబ్బున్నవాళ్ళ కోచింగుకు దొరికే సీటు ప్రతిభ సీటేనా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

సెప్టెంబరు 28 రాత్రి చర్చలో డెమోక్రాట్ అభ్యర్థి టెరీ మెకాలిఫ్ నోరు జారారు. బడులు ఏమి బోధించాలో తల్లిదండ్రులు చెప్పకూడదని నేను అనుకుంటున్నాను అన్నది ఆ మాట సారాంశం. మర్నాటి నుంచి టీవీ పెడితే అదే ముక్క. రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్ సభల్లో తల్లిదండ్రుల పేరుతో ప్లకార్డులు వెలిశాయి. లౌడన్‌లో మెకాలిఫే గెలిచారు, కాకపోతే ఏడాది ముందు బైడెన్‌కు ఇక్కడ 25 శాతం దాకా వచ్చిన ఆధిక్యం 11కు పడింది. రాష్ట్రం మొత్తం మీద యంగ్‌కిన్ రెండు శాతం తేడాతో గవర్నరు అయ్యారు.

ఇంకో చోటు శాన్‌ఫ్రాన్సిస్కో. బడులు తెరవకుండా వాటి పేర్లు మార్చే పనిలో పడ్డారన్న కోపంతో 2022 ఫిబ్రవరి 15న ముగ్గురు స్కూలు బోర్డు సభ్యులను ఓటుతో దించేశారు. అక్కడ పౌరసత్వం లేని తల్లిదండ్రులకు కూడా స్కూలు బోర్డు ఎన్నికలో ఓటు ఉంది. మా వర్జీనియాలో లేదు. మా పక్కింటి ఆయన పదమూడేళ్ళుగా పన్ను కడుతున్నాడు, పిల్లలు ఇక్కడి బడిలోనే చదువుతున్నారు. ఎన్నికల రోజున మమ్మల్ని కారులో దింపి బయట కూర్చుంటాడు.

ఓటరు స్లిప్పు (మంగళవారం, రాత్రి 9:30)

బాగుంది. అదే వర్జీనియాలో 2025లో ఏమైందో కూడా చెప్పండి మరి.

యాష్‌బర్న్ వాసి (మంగళవారం, రాత్రి 9:52)

దొరికిపోయాను. 2025 నవంబరులో డెమోక్రాట్ అబిగైల్ స్పాన్‌బర్గర్ దాదాపు పదిహేను శాతం తేడాతో గెలిచారు. లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైన గజాలా హాష్మీ హైదరాబాదులో పుట్టినావిడ, అంతకు ముందు రాష్ట్ర సెనేట్‌లో విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలు. 2021లో ప్లకార్డు పట్టుకున్న మా మిత్రుడిని ఈసారి బడి సంగతేమిటని అడిగాను. "మావాడు కాలేజీకి వెళ్ళిపోయాడు కదా" అన్నాడు.

సుద్దముక్క (మంగళవారం, రాత్రి 10:20)

ఆ ఒక్క మాటకు మీకు దండం పెట్టాలి. మా బడిలోనూ అంతే. తల్లిదండ్రుల కోపానికి అయిదేళ్ళే ఆయుష్షు, బిడ్డ అయిదో తరగతి దాటేదాకా. తర్వాత ఆ కోపం కొత్తవాళ్ళకు వస్తుంది, మళ్ళీ ఓనమాల నుంచి మొదలు. అన్నేళ్ళూ బడిలో ఉండేది మేమే. మమ్మల్నేమో ప్రిసైడింగ్ ఆఫీసర్లుగా వేసి నోరు కట్టేస్తారు.

2019 ఏప్రిల్ 11న నాది ఆ డ్యూటీయే. యంత్రం మొరాయించింది. రాత్రి తొమ్మిదికి కూడా వరండాలో ఆడవాళ్ళ వరుస. ఒకావిడ లోపలికి వస్తూనే ఈవీఎం వైపు చూడలేదు. పైకప్పు పెచ్చు ఊడిన చోటు చూసి "ఇది ఇంకా ఇట్లాగే ఉందా" అంది. వేలికి సిరా పూయించుకుంటూ కూడా పైకే చూస్తోంది. ఆవిడ ఓటు ఎటు పడిందో నాకు తెలియదు. ఆ చూపు మాత్రం మర్చిపోలేదు.

ఏకోపాధ్యాయుడు (బుధవారం, ఉదయం 6:10)

సర్వీసులో ఉన్నాను, కాబట్టి జిల్లా కూడా చెప్పను. ఒక్కడినే బడి. హాజరు యాప్‌లో, గుడ్ల లెక్క యాప్‌లో, మరుగుదొడ్డి ఫొటో యాప్‌లో. వాటి మధ్య దొరికిన సమయంలో రెండో తరగతి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న స్కూలు బోర్డు మనకు లేదు అనుకుంటున్నారేమో. ఉంది, కాస్త చిన్నది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. మా బడిలో ఇరవై నిమిషాల్లో ముగిసింది. ఊరి పెద్ద ముందురోజే పేర్లు చెప్పి పంపారు, వచ్చిన తల్లులు చేతులెత్తారు. ఒకావిడ ఎత్తిన చేయి దించడం మర్చిపోతే పక్కావిడ పట్టుకుని దించింది. ఆ ఏడాది డిసెంబరు 7న తల్లిదండ్రుల పెద్ద సమావేశం పెట్టినప్పుడు మాత్రం ముగ్గులు, కుర్చీలు, భోజనాలు, అంతా కళకళ. అందులో ఒక తండ్రి లేచి "రెండో టీచరు ఎప్పుడొస్తారు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ ఆ గదిలో లేరు.

కూకట్‌పల్లి అమ్మ (బుధవారం, ఉదయం 8:44)

మీకు ఎత్తడానికి చేయి అయినా ఉంది. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడికి ఆ కమిటీ నియమం వర్తించదట, నిన్న రాత్రి చట్టం తెరిచి చూశాను. మాకు ఉన్నది వాట్సాప్ గ్రూపు. ఫీజు మాట ఎత్తినవాళ్ళ పిల్లల పేర్లు బడికి చేరతాయన్న భయంతో అందులో శుభోదయాలు తప్ప ఏమీ రావు.

ఓటరు స్లిప్పు (బుధవారం, ఉదయం 9:15)

ఆంధ్రలో ఫీజులకు కత్తెర వేయాలని చూశారమ్మా. 2021లో 53 జీవో. పంచాయతీల్లో ప్రాథమిక తరగతులకు పదివేలు, హైస్కూలుకు పన్నెండు వేలు అని గీత గీశారు. డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఏ ఎన్నికలోనూ అది ప్రచారాంశం కాలేదు. ఇంగ్లిషు మీడియం మీద మాత్రం ఏడాదంతా రచ్చ జరిగింది, తెలుగు కోసం కొట్లాడిన వక్తల పిల్లలు ఏ మీడియంలో చదివారో అడిగినవాడు లేడు. సరే, అది వేరే దారం.

గట్టు మీద గువ్వ (బుధవారం, ఉదయం 9:40)

మూడో తరగతి నాన్న గారూ, 117 జీవోను 2025లో రద్దు చేశారు కదా. మీ తరగతులు వెనక్కి వచ్చాయా?

మూడో తరగతి నాన్న (బుధవారం, రాత్రి 9:05)

వచ్చాయి, మా ఊరికి కాదు. తరగతికో టీచరు ఉండాలని మోడల్ ప్రైమరీ బడి పెట్టారు, అది పక్క ఊళ్ళో. తరగతికో టీచరు అన్నది మంచిదే, కాదనను. అక్కడ మేడమ్ బాగా చెబుతున్నారట. కానీ మళ్ళీ కాలువ దాటాలి. జీవో మారింది, కాలువ అక్కడే ఉంది. మా ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే.

సుద్దముక్క మాస్టారు, యాష్‌బర్న్ వాసి గారు చెప్పింది చదివాక కాస్త సిగ్గేసింది. మా పెద్దమ్మాయి ఆరో తరగతికి వెళ్ళగానే నేనూ ఆ మాట వదిలేశాను. చిన్నవాడు ఉన్నాడు కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను, అంతే.

సుద్దముక్క (బుధవారం, రాత్రి 9:31)

సిగ్గు ఎందుకు నాయనా. ఒక పని చేయి. ఎమ్మెల్యే ఓటుకు కాలువ కనబడదు, సర్పంచి ఓటుకు కనబడుతుంది. మీ ఊళ్ళో మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలు ఎంతమంది, వాళ్ళ ఇళ్ళల్లో ఓట్లు ఎన్ని, ఒక కాగితం మీద రాసుకో. నిలబడేవాళ్ళ దగ్గరికి ఆ కాగితంతో వెళ్ళు. పిల్లల గురించి చెప్పకు, అంకె చెప్పు.

మూడో తరగతి నాన్న (తర్వాతి వారం, ఆదివారం, సాయంత్రం 6:18)

మాస్టారూ, రాశాను. పిల్లలు పద్నాలుగు మంది, ఇళ్ళు పదకొండు, ఓట్లు ముప్పై ఎనిమిది. తాతలు, నాయనమ్మలతో కలిపి.

సర్పంచి పదవికి నిలబడాలని చూస్తున్న ఒకాయన దగ్గరికి నలుగురం వెళ్ళాం. బడి అనగానే "అది పైవాళ్ళ పని కదా బాబూ" అని పేపరు చదువుకుంటూనే ఉన్నాడు. ముప్పై ఎనిమిది అన్నాక పేపరు మడిచాడు. కాఫీ వచ్చింది. కాలువ మీద కాలిబాట వంతెనకు పంచాయతీ నిధులు చాలవని, మండలంలో అడుగుతానని, అప్పటిదాకా పిల్లలకు ఆటో కిరాయి తానే పెట్టుకుంటానని అన్నాడు. అప్పటిదాకా అంటే ఎప్పటిదాకా అని మా పక్కింటి ఆవిడ అడిగింది. ఎన్నికలు కానీ అమ్మా అన్నాడు.

గట్టు మీద గువ్వ (ఆదివారం, సాయంత్రం 6:50)

ఇది ఓటుకు నోటు కాదా?

ఇద్దరు పిల్లల తల్లి (ఆదివారం, సాయంత్రం 7:02)

ఆ ప్రశ్న మీరు కాలువ గట్టు మీద నడుస్తూ అడగండి.

సుద్దముక్క (ఆదివారం, రాత్రి 8:10)

కాలిబాట వంతెనకు అర్జీ రాతపూర్వకంగా ఇచ్చారా? ఇవ్వకపోతే రేపే ఇవ్వండి. ముప్పై ఎనిమిది మందీ సంతకాలు పెట్టాలి, వేలిముద్రలైనా సరే. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

మూడో తరగతి నాన్న (సోమవారం, రాత్రి 9:15)

ముప్పై ఒకటి అయ్యాయి. ఇద్దరు ముసలివాళ్ళు పింఛను పోతుందేమోనని పెట్టలేదు, మిగిలినవాళ్ళు కూలికి వెళ్ళారు, రేపు పొద్దున పట్టుకోవాలి. ఆటో ఈ రోజు నుంచే వచ్చింది. మావాడు డ్రైవరు పక్కన కూర్చుంటానని గొడవ చేసి కూర్చున్నాడు. బండి తీసే పని లేక నాకు పొద్దున్నే ఏం తోచలేదు.